నిలువెత్తు బంగారము

మేడారము జాతర రెండేండ్లకొకమారు మాఘ పూర్ణిమకు జరుగును. ఆ దినములలో నర్సంపేట ప్రాంతమున బెల్లమునకు ‘బంగారము’ అనియే పేరు. మ్రొక్కుకొన్నవాడు పెద్ద త్రాసున ఒక తట్టలో కూర్చుండగా, రెండవ తట్టలో బెల్లపు ముద్దలు వేయుట మొన్నమొన్నటి వాడుక. తట్టలు సరితూగినచో అది నిలువెత్తు బంగారము. సమ్మక్క సారలమ్మల గద్దెలకు చేరునది అదియే.

ఆ మాటయందొక చిక్కున్నది. ‘నిలువెత్తు విగ్రహము’ అన్నప్పుడు మనము తలచునది పొడవు. త్రాసు దగ్గర అదే మాట బరువును చెప్పుచున్నది. పైగా, కూర్చున్నవానికి నిలువేమిటి? తిరుపతిలో నిలువు దోపిడి ఇచ్చుటను తలచుకొన్నచో ఈ రెండవ సందేహము తీరును. ఒంటిమీది నగలన్నియు హుండీలో వేయుట అది. నిలువనగా ఆపాదమస్తకము, మనిషి మొత్తము.

ఇక ఎత్తు. అది మొదట క్రియ: పైకి లేపుట. ఎంత పైకి లేచినదో అది గుట్టకు, పాకాల చెరువు కట్టకు ఎత్తు. త్రాసులో దేనితో దేనిని లేపగలిగితిమో అదియు ఎత్తే. కనుకనే కంసాలి గురిగింజ యెత్తు బంగారమనును. నాటువైద్యుడు రూపాయి యెత్తు చూర్ణమనును. బ్రిటిషు ఇండియాలో 1835 నుండి వెండి రూపాయి తూకము సరిగా ఒక తులము, అనగా 180 గ్రెయినులు, సుమారు 11.66 గ్రాములు. చేతిలోని నాణెమే తూనికరాయి. 1956 నాటి చట్టముతో మెట్రిక్ తూనికలు వచ్చిన పిదప ఆ రాయి పోయినది, మాట కొంతకాలము నిలిచినది.

ఆంగ్లేయులు కొండను ‘హై’ అందురు, మనిషిని ‘టాల్’ అందురు. ఈ ‘టాల్’కు పూర్వము చక్కనివాడు, ధీరుడు అనియు అర్థములుండెను; పొడగరి యగుట 16వ శతాబ్ది ముచ్చట. ఎత్తు, బరువు వారికి వేరు మాటలే. అయినను తూచుట అనెడి వారి ‘వెయ్’ అను క్రియకు ప్రాచీనార్థము మోయుట, ఎత్తుట. ఓడవారు లంగరెత్తుటను నేటికిని ఆ మాటతోనే చెప్పుదురు.

హంపీలో విఠలాలయమునకు చేరువనున్న రాతి తులాభార ద్వారము రాజుల ఎత్తు చూచినదని ప్రతీతి. అది ధనికుల ముచ్చట. బెల్లమైనచో కూలివాడును తన ఎత్తు ఇయ్యగలడు.

ఇప్పుడు బడి పిల్లల ఆరోగ్యపట్టికలో ఎత్తు ఒక గడి, బరువు వేరొక గడి. ఎలక్ట్రానిక్ కాటాపై ఏ తట్టయు లేవదు, అంకె మాత్రము వెలుగును. ఆ అంకెను చూచియు, మేడారము పోవు ముసలమ్మ అంగడివానితో ‘నా ఎత్తు బంగారము కట్టు బిడ్డా’ అనియే అనును.