స్కోరు బోర్డు మీద లేని పేర్లు



ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం పోస్టుల్లో ఎప్పుడూ మన పోరాటాల గురించే రాసుకుంటాం. ఈసారి ఒక ఆట గురించి రాస్తున్నా. కాస్త పొడుగు పోస్టు, తీరిగ్గా చదవండి.

2025 ఆగస్టు 24న అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని విలియమ్స్‌పోర్ట్ దగ్గర పిల్లల బేస్‌బాల్ ఫైనల్ జరిగింది. లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్ అంటారు. పన్నెండేళ్ల వయసు దాకా పిల్లలు ఆడే పోటీ. తైవాన్ నుంచి వచ్చిన జట్టు అమెరికాలోని నెవాడా జట్టుని 7-0తో ఓడించింది. 1996 తర్వాత తైవాన్‌కి ఇదే మొదటి కప్పు. మొత్తం మీద 18వది.

నేను ఆగిపోయింది ఆ 7-0 దగ్గర. ఎందుకంటే తైవాన్‌లో పిల్లల బేస్‌బాల్ పిచ్చి మొదలైంది కూడా ఒక 7-0తోనే. అది 1968 ఆగస్టు 25. ఆ రోజు గెలిచింది ఆదివాసీ పిల్లలు.

ఆట తెలియని వాళ్లకి రెండు ముక్కలు. జట్టుకి తొమ్మిది మంది. ఒకడు బంతి విసురుతాడు, ఎదుటి జట్టువాడు బ్యాటుతో కొట్టి నాలుగు బేసులు చుట్టి వస్తే ఒక రన్. క్రికెట్‌లా వందల్లో రావు, నాలుగైదు రన్లతోనే మ్యాచ్ తేలిపోతుంది. కాబట్టి 7-0 అంటే మామూలు గెలుపు కాదు. ఎదుటోళ్లని ఒక్కసారి కూడా చుట్టు తిరిగి రానివ్వలేదని.

ఇప్పుడు ఆ ఊరి సంగతి. తైవాన్ తూర్పు వైపు తైతుంగ్ జిల్లాలో, కొండల మధ్య హోంగ్‌యే అనే పల్లె ఉంది. హోంగ్‌యే అంటే చైనా భాషలో ఎర్రాకు. అక్కడుండేది బునున్ తెగ. వాళ్ల భాషలో ఆ ఊరి పేరు వాకాంగన్. బునున్లు అసలు ఎత్తు కొండల మనుషులు. వేట, పోడు వాళ్ల బతుకు. 1895 నుంచి 1945 దాకా తైవాన్‌ని జపాన్ ఏలింది. ఆ పాలనకి ఆఖరి దాకా లొంగని వాళ్లలో బునున్లు కూడా ఉన్నారు. వాళ్లని అదుపులో పెట్టడానికి జపాన్ పోలీసులు పై ఊళ్లు ఖాళీ చేయించి కిందకి దింపారు. తుపాకులు గుంజుకున్నారు, వరి సాగు నేర్పించారు, పిల్లల్ని బడిలో వేశారు. ఇదంతా మనకి ఎక్కడో విన్నట్టే ఉంటుంది కదా.

బేస్‌బాల్ కూడా అలా వచ్చిందే. జపాన్ వాళ్లకి అది పిచ్చి ఆట. 1920ల్లో తూర్పు తీరంలోని అమిస్ తెగ యువకులతో ఒక జట్టు కట్టి, 1925లో జపాన్ అంతా తిప్పారు. "చూడండి, అడవి మనుషుల్ని ఎలా నాగరికుల్ని చేశామో" అని చూపించుకోవడానికి. ఆ కుర్రాళ్లు బాగానే ఆడారు. అయితే వాళ్లని అక్కడ నిలబెట్టింది ఆటగాళ్లుగా కాదు, పాలనకి సాక్ష్యంగా.

తర్వాత 1931. చియాయి పట్టణంలోని వ్యవసాయ-అటవీ పాఠశాల జట్టు, కానో అని పిలుస్తారు, జపాన్ హైస్కూళ్ల పెద్ద పోటీ కోషియెన్‌లో ఫైనల్ దాకా పోయింది. ఫైనల్లో 4-0తో ఓడిపోయింది. మైదానంలోకి దిగిన తొమ్మిది మందిలో నలుగురు ఆదివాసీలు, ఇద్దరు చైనీయులు, ముగ్గురు జపాన్ వాళ్లు. మూడు జాతులు కలిసి ఆడాయని అప్పుడూ పొగిడారు, 2014లో దాని మీద సినిమా కూడా వచ్చింది. సినిమా బాగుంటుంది, కాదనను. కానీ ఒకటి గుర్తు పెట్టుకోండి. దానికి ముందు ఏడాదే, 1930 అక్టోబరులో, వూషె అనే చోట సీడిక్ తెగ మోనా రుదావ్ నాయకత్వంలో తిరగబడింది. జపాన్ సైన్యం ఆ తిరుగుబాటుని ఫిరంగులతో, విమానాలతో అణిచింది. ఏడాది తిరక్కుండానే స్టేడియంలో ఆదివాసీ కుర్రాళ్లకి చప్పట్లు. ఆ నలుగురి పేర్లు కూడా స్కోరు కార్డులో జపాన్ పేర్లే.

పేర్ల సంగతి ఇక్కడ మొదలైంది. ఇది చివరి దాకా వస్తుంది.

1945లో జపాన్ పోయింది, చైనా నుంచి క్వోమింతాంగ్ పార్టీ పాలన వచ్చింది. ఆదివాసీలకి జపాన్ పేర్లు తీసేసి ఈసారి చైనా పేర్లు రాశారు. రిజిస్టరు రాసే గుమాస్తాకి ఏ ఇంటిపేరు తోస్తే అది. ఒకే కుటుంబంలో అన్నదమ్ములకి వేరువేరు ఇంటిపేర్లు పడ్డ సందర్భాలున్నాయి. జాతిని పిలిచే మాట కూడా మారింది. అధికారిక భాషలో వాళ్లు "షాన్‌బావో", అంటే కొండ సోదరులు. మనల్ని గిరిజనులు అన్నట్టే అనుకోండి.

అలాంటి కాలంలో హోంగ్‌యే ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు, పిల్లలు బడి మానకుండా ఉండాలని 1960ల్లో బేస్‌బాల్ జట్టు పెట్టాడు. బంతులు కొనే స్థోమత లేక రాళ్లతో, బ్యాట్లు లేక కర్రలతో సాధన చేశారని చెబుతారు. ఈ రాళ్లూ కర్రల కథ తైవాన్‌లో అందరికీ ఇష్టం. పేదరికాన్ని పూలదండలా వేసి చూపించడం పట్నం వాళ్లకి ఎక్కడైనా ఇష్టమే. ఆ పిల్లలకి బంతి కూడా లేకుండా ఎందుకుందో మాత్రం ఆ కథలో ఉండదు.

1968లో ఆ జట్టు తైవాన్ బడి పిల్లల పోటీల్లో విజేత అయింది. ఆ వేసవిలోనే జపాన్ నుంచి ఒక పిల్లల జట్టు వచ్చింది. ఆ ఏడాది ప్రపంచ కప్పు గెలిచింది జపాన్‌లోని వకయామా పిల్లలు. తైపీకి వచ్చింది మాత్రం కన్సాయ్ ప్రాంతం నుంచి ఏరిన వేరే జట్టు. అయినా ప్రపంచ విజేతలే వస్తున్నారని ప్రచారం చేసేశారు. తైపీ స్టేడియం కిక్కిరిసిపోయింది. బునున్ పిల్లలు 7-0తో గెలిచారు.

ఇక దేశమంతా ఊగిపోయింది. యాభై ఏళ్లు ఏలిన జపాన్‌ని మన పిల్లలు ఓడించారు! పత్రికల మొదటి పేజీలు, ఊరేగింపులు, నాయకులతో ఫొటోలు. నిన్నటి దాకా కొండోళ్లు అన్నవాళ్లే రాత్రికి రాత్రి "మన చైనా జాతి వీరులు" అన్నారు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నా. నిజం చెప్తున్నా, మొదట ఈ పోస్టు ఇంతవరకే రాసుకున్నా. గెలిచిన ఆదివాసీ పిల్లల కథ, లైకులు బాగా వస్తాయి. కానీ తర్వాత జరిగింది దాచితే మనం కూడా ఆ ఊరేగింపులో నడిచిన వాళ్లమే అవుతాం.

ఆ జట్టులో చాలామంది తమ పేర్లతో ఆడలేదు. వయసు దాటి, ప్రాథమిక బడి విడిచిన పిల్లల్ని, అప్పుడు చదువుతున్న చిన్న పిల్లల పేర్లతో దించారు. విషయం కోర్టుకెక్కింది. 1969లో హెడ్మాస్టరు, కోచ్, జట్టు మేనేజరు దోషులని తీర్పు వచ్చింది. శిక్ష పడింది గానీ అమలు చేయకుండా నిలిపి ఉంచారు, జైలుకి పోలేదు.

అది తప్పే. నేను సమర్థించను. నిజంగా పన్నెండేళ్లున్న పిల్లాడు, ఎవరి పేరు వాడుకున్నారో ఆ పిల్లాడు, బయట కూర్చుని తన పేరుకి కొట్టే చప్పట్లు విన్నాడు. వాడి బాధ ఎవరూ రాయలేదు.

కానీ రెండు మాటలు అడగాలి. వచ్చిన జట్టు ప్రపంచ విజేత అని చెప్పింది కూడా అబద్ధమే కదా, దానికి కేసు లేదు. రెండోది, ఏ పేరు దొంగ పేరు? ఆ పిల్లలకి రిజిస్టర్లో ఉన్న "అసలు" పేరు కూడా ప్రభుత్వం రాసిన చైనా పేరే. ఇంట్లో తల్లి పిలిచే బునున్ పేరు స్కోరు బోర్డు మీదా లేదు, కోర్టు కాగితం మీదా లేదు. వాళ్ల తండ్రులకి జపాన్ పేర్లు, వాళ్లకి చైనా పేర్లు, ఆ మీద మ్యాచ్ కోసం మూడో పేరు. మన దగ్గర బడిలో చేర్చుకునేటప్పుడు సారు తోచిన పుట్టినతేదీ రాసిన వాళ్లు ఈ గ్రూపులోనే ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. నా సర్టిఫికెట్‌లో ఉన్నదీ అలాంటిదే. స్పోర్ట్స్ మీట్‌లో వయసు సర్టిఫికెట్ అడిగినప్పుడల్లా మనలో కొందరికి కడుపులో ఎందుకు తిప్పుతుందో వేరేవాళ్లకి చెప్పినా అర్థం కాదు.

ఆ పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారు? ఆటలో మిగిలింది కొద్దిమంది. మిగతావాళ్లు అందరు కొండ ప్రాంతం కుర్రాళ్లలాగే కూలి పనులకి పోయారు. కొందరు నడివయసు రాకుండానే చనిపోయారు. దేశం మాత్రం ముందుకు పోయింది. 1969లో మొదటిసారి విలియమ్స్‌పోర్ట్ వెళ్లిన గోల్డెన్ డ్రాగన్స్ జట్టు ఫైనల్లో కాలిఫోర్నియా జట్టుని 5-0తో ఓడించింది. అక్కణ్నుంచి 1996 దాకా 17 కప్పులు. 1971 నుంచి 1974 దాకా వరసగా నాలుగు గెలిస్తే, 1975లో అమెరికా వాళ్లు బయటి దేశాల జట్లనే రానివ్వలేదు. తర్వాతి ఏడాది మళ్లీ రానిచ్చారు, అది వేరే కథ. 1970ల్లో తైవాన్ జనం అర్ధరాత్రి లేచి టీవీల ముందు కూర్చునేవాళ్లు. 1971లో ఐక్యరాజ్యసమితిలో సీటు పోయిన దేశానికి ఆ పిల్లలే పరువు.

ఆ 1969 జట్టులో ఒక అమిస్ పిల్లాడు ఉన్నాడు, క్వో యువాన్-జి. తైతుంగ్ వాడే. అతను నిలబడ్డాడు. పెద్దయ్యాక జపాన్‌లో చునిచి డ్రాగన్స్‌కి పిచ్చరుగా ఆడి, 1988లో ఆ లీగ్‌లోనే అత్యుత్తమ ఆటగాడి బహుమతి తీసుకున్నాడు. అక్కడ అతన్ని కాకు గెంజి అని పిలిచారు. చూశారా, మళ్లీ ఇంకో పేరు.

ఈరోజు తైవాన్ జనాభాలో ఆదివాసీలు నూటికి మూడు మంది కూడా లేరు. ప్రభుత్వం గుర్తించిన తెగలు 16. కానీ ప్రొఫెషనల్ బేస్‌బాల్ జట్లలో వాళ్ల వాటా దానికి ఎన్నో రెట్లు. "వాళ్లకి పుట్టుకతోనే బలం" అని అక్కడ సులువుగా అనేస్తారు. నాకు ఆ మాట నచ్చదు. కొండ మీద పిల్లాడికి మిగతా తలుపులన్నీ మూసి ఒక్కటి తెరిచి ఉంచితే అందరూ ఆ తలుపులోంచే వస్తారు.

పేర్ల విషయంలో మాత్రం వాళ్లు ఊరుకోలేదు. 1980ల్లో ఆదివాసీ విద్యార్థులు, యువకులు, మనలాంటి వాళ్లే, వీధుల్లోకి వచ్చారు. షాన్‌బావో అనొద్దు, మేము "యువాన్‌జూమిన్", మొదటి నుంచి ఇక్కడున్న వాళ్లం అన్నారు. అంటే అచ్చంగా ఆదివాసీలు. 1994లో రాజ్యాంగంలో ఆ మాట చేరింది. 1995లో తమ తెగ పేర్లని అధికారికంగా రాయించుకునే హక్కు వచ్చింది.

ఇంకొక్కటి చెప్పి ఆపుతా. తైవాన్ 500 డాలర్ల నోటు మీద బేస్‌బాల్ గెలిచి టోపీలు ఎగరేస్తున్న పిల్లల బొమ్మ ఉంటుంది. చాలామంది దాన్ని హోంగ్‌యే పిల్లలనే అనుకుంటారు. కాదు. వాళ్లు అదే తైతుంగ్‌లోని నాన్‌వాంగ్ ప్రాథమిక పాఠశాల పిల్లలు. ఆ ఊరు పుయుమా తెగది. నోటు మీద బొమ్మ ఉంది, పేర్లు లేవు.