మాస్టర్, స్లేవ్, రెండో హార్డ్ డిస్కు

ఇప్పుడు కంప్యూటర్లో రెండో డిస్కు పెట్టడం పది నిమిషాల పని. సాటా రాకముందు మాత్రం దానికో తతంగం ఉండేది. డిస్కు వెనక కొన్ని జతల పిన్నులు, వాటి మీద గోరంత ప్లాస్టిక్ ముక్క. దాన్నే జంపర్ అంటారు. ఒక డిస్కుకి ఆ ముక్కని 'మాస్టర్' దగ్గర, రెండోదానికి 'స్లేవ్' దగ్గర గుచ్చాలి. రెండూ మాస్టర్ అయ్యాయో, చాలాసార్లు బయోస్‌కి ఒక్కటీ కనబడదు.

మా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ షాపులకి సామాను సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు నుంచి వచ్చేది. దాంతోపాటే ఈ మాటలూ వచ్చాయి. "కొత్తది మాస్టర్ పెట్టు, పాతది స్లేవ్ పెట్టు" అని షాపు కుర్రాళ్ళు రోజుకి పదిసార్లు అనేవాళ్ళు. దొర, వెట్టి అనే మాటలు అంత గట్టిగా గుర్తున్న తాలూకాల్లో ఈ ఇంగ్లీషు జంట గురించి ఎవరూ ఆగి ఆలోచించలేదు.

సరే, అసలు కథ. 1980లో సీగేట్ ఎస్టీ-506 అనే 5 మెగాబైట్ల డిస్కు తెచ్చింది. అప్పట్లో డిస్కుని నడిపించే బుర్ర డిస్కులో ఉండేది కాదు, విడిగా ఒక కార్డు మీద ఉండేది. ఆ కార్డే నిజమైన యజమాని. 1986 ప్రాంతంలో వెస్టర్న్ డిజిటల్, కాంపాక్ కలిసి ఆ బుర్రని డిస్కులోకే ఎక్కించాయి. అదే ఐడీఈ. 1994లో ఏటీఏ పేరుతో ప్రమాణం అయింది.

ఇక్కడే తమాషా. బుర్ర డిస్కులోనే ఉన్నప్పుడు ఒకే 40 పిన్నుల కేబుల్ మీద రెండు డిస్కులు పెడితే రెండు బుర్రలు అవుతాయి. మదర్‌బోర్డు పంపే ఆజ్ఞ రెండింటికీ వినిపిస్తుంది. ఎవరిని పిలుస్తున్నారో చెప్పడానికి ఒకే ఒక్క బిట్, 0 లేదా 1. పిలిచినవాడు పలుకుతాడు, రెండోవాడు ఊరుకుంటాడు. మాస్టర్ స్లేవ్‌కి ఏ ఆజ్ఞా ఇవ్వడు, దాని డేటాని ముట్టుకోడు. పవర్ ఆన్ చేసినప్పుడు "రెండోవాడు కూడా బాగానే ఉన్నాడు" అని ఇద్దరి తరఫునా చెప్పడం వరకే అతని పెద్దరికం. తర్వాతి ప్రమాణ పత్రాల్లో 'డివైస్ 0, డివైస్ 1' అనే రాశారు. మాస్టర్, స్లేవ్ మాత్రం జంపర్ల పక్కన, బయోస్ తెరల మీద, మన నోళ్ళలో ఉండిపోయాయి.

నేను పదో తరగతిలో ఉండగా పాత కంప్యూటర్లోని డిస్కుని వేరేదాన్లో పెడుతున్నా, అందులో అక్క పెళ్ళి ఫోటోలున్నాయి. పక్కనే కూచున్న నానమ్మ "స్లేవు అంటే ఏంది బిడ్డా?" అంది. "వెట్టోడు లెక్క" అన్నా. "మరి పని ఎవరు చేస్తరు?" "రెండూ చేస్తయి." "ఇద్దరూ పని చేస్తే ఇగ దొర ఎవడ్రా?" అంది. ఏటీఏ గురించి అంత సూటిగా చెప్పినవాళ్ళని నేను ఇంజనీరింగ్ నాలుగేళ్ళలోనూ చూడలేదు :)

నానమ్మది సూర్యాపేట పక్క పల్లె. 1946 నుంచి 1951 వరకు సాగిన సాయుధ పోరాటం నాటికి చిన్నపిల్ల. భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం పుట్టిందీ ఈ సూర్యాపేట తాలూకాలోనే. ఆ రోజుల గురించి అడిగితే ఆమె ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది: "భూమి కొంత వచ్చింది, కొంత మళ్ళ పోయింది. 'బాంచన్ దొరా' అనుడు మాత్రం పోయింది, మళ్ళ రాలే."

ఇప్పుడు మన వృత్తిలోని గొడవకి వద్దాం. 2003లో లాస్ ఏంజెలెస్ కౌంటీ, ఒక ఉద్యోగి ఫిర్యాదు తర్వాత, పరికరాల మీద మాస్టర్-స్లేవ్ అని రాయొద్దని సరఫరాదార్లని కోరితే ప్రపంచమంతా నవ్వింది. 2018లో పైథాన్ ఆ మాటల్ని తన కోడ్ నుంచి, డాక్యుమెంట్ల నుంచి చాలావరకు తీసేసింది. 2020 అక్టోబరు నుంచి గిట్‌హబ్‌లో కొత్త రిపాజిటరీల డిఫాల్ట్ బ్రాంచి 'మెయిన్' అయింది. ఆఫీసుల్లో మనవాళ్ళ గొణుగుడు తెలిసిందే: "పేరు మారిస్తే ఏం ఒరుగుతుంది? స్క్రిప్టులు విరగడం తప్ప."

వాళ్ళ వాదనలో సగం నిజం ఉంది. హార్డ్ డిస్కుల్లో మాస్టర్-స్లేవ్ పోయింది ఎవరి సర్క్యులర్ వల్లా కాదు, తీగ వల్ల. 2003లో మార్కెట్లోకి వచ్చిన సాటాలో డిస్కుకో కేబుల్. ఒకే తీగ మీద ఇద్దరు కూచోనక్కర్లేదు కాబట్టి, ఎవరు ముందు ఎవరు వెనక అన్న ప్రశ్నే లేదు. ఏర్పాటు మారితే పేరు దానంతటదే రాలిపోయింది.

కానీ రెండో సగం నానమ్మ మాటలో ఉంది. ఐడీఈలో అసలు లేని దొరతనాన్ని ఒక పేరు సుమారు ఇరవై ఏళ్ళు నిలబెట్టింది. సమానమైన రెండు డిస్కుల్లో ఒకటి పెద్దదని మనం నమ్మాం. స్లేవ్ నెమ్మదిగా పని చేస్తుందని వాదించినవాళ్ళని కూడా చూశాను! పేరు ఉత్త పేరే అయితే ఇంత పని చేయదు. తీగ మారాలి, పిలుపూ మారాలి. తీగ మార్చడం చేతిలో లేనివాడికి కనీసం పిలుపు మార్చడం చేతిలో ఉంటుంది. మా జిల్లాలో జనం దాన్ని ప్రాణాలిచ్చి మార్చుకున్నారు. మనకి అయ్యే ఖర్చు నాలుగు స్క్రిప్టులు.

ఇక పనికొచ్చే సంగతి. ఇంట్లో పాత ఐడీఈ డిస్కు మూలన పడుంటే, లోపలి ఫోటోలు ఇప్పుడే తీసి పెట్టుకోండి. మోటార్ ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం. యూఎస్‌బీ అడాప్టర్ దొరుకుతుంది, డిస్కుకి కరెంటు విడిగా ఇవ్వాలి. విండోస్ "ఫార్మాట్ చేయమంటారా?" అని అడిగితే ఒప్పుకోకండి. అన్నట్టు, జంపర్ స్లేవ్ మీద ఉంటే చాలా అడాప్టర్లకి డిస్కు కనబడదు. తీసి మాస్టర్ మీద పెట్టండి.