బడి గంటకు, అమ్మ రాకకు నడుమ

పిల్లలకు బడి విడుచు వేళ ఒకటి. తల్లిదండ్రులకు కొలువు ముగియు వేళ మరియొకటి. ఉదయము ఒక గంట, సాయంకాలము రెండు గంటలు బిడ్డను కనిపెట్టుకొని ఉండు ఆయా దొరకుట ఎంత కష్టమో మేమును ఎరుగుదుము. దినమంతయు పనిచేయువారు దొరకవచ్చును గాని, మూడు గంటల జీతమునకు ఎవరు వత్తురు? ఆమె ఇల్లును గడవవలెను గదా!

'ఆయా' అను మాట పోర్చుగీసు భాషనుండి మనకు వచ్చినది. దొరల బిడ్డలను పెంచిన స్త్రీలకు ఆ పేరు స్థిరపడెను. దొరలు స్వదేశమునకు పోవునపుడు ఓడలో పిల్లలను చూచుటకు ఆయాను వెంట గొనిపోయెడివారు. లండను చేరిన పిదప, తిరుగు ప్రయాణమునకు దారి చూపకయే కొందరిని విడిచిపెట్టిరి. అట్టివారికై ఆ నగరమున ఆయాల వసతి గృహమొకటి నడచెను. 1900లో అది హాక్నీ ప్రాంతమునకు మారినది.

అదే లండనులో కూలిజనుల పిల్లలకు దాదియు లేదు, ఆయాయు లేదు. చిన్నవారిని ఎత్తుకొని తిరుగునది ఇంటి పెద్దపిల్ల. 1880లో చదువు నిర్బంధమైన పిమ్మట ఆ పిల్లయు బడికి పోవలసి వచ్చెను. బట్టలుతికియు, ఇండ్లు తుడిచియు బ్రతుకు తల్లి చీకటి పడినగాని ఇల్లు చేరదు. పొరుగామె చేతిలో నాలుగు పెన్నీలు పెట్టగలిగినచో మేలు; లేనిచో వీధియే గతి.

ఈ స్థితిని చూచి పూనుకొన్నది మేరీ వార్డు అను నవలా రచయిత్రి. 1897లో టావిస్టాక్ ప్లేసులో తెరచిన పాస్మోర్ ఎడ్వర్డ్సు సేవాగృహమున బడి పిల్లలకు ఆటపాటలు ఏర్పాటు చేసెను. తరువాత బడి భవనములలోనే, బడి ముగిసిన పిదప, ఆట కేంద్రములు వెలసినవి. ఎంత తేలిక ఉపాయము! గదులున్నవి, పిల్లలున్నారు, తలుపు తీసియుంచుటయే తక్కువ. 1907 విద్యాచట్టమున ఇట్టి కేంద్రములకు స్థానిక సంస్థలు పూనుకొనవచ్చునను నిబంధన చేరెను. 1917లో ప్రభుత్వ ధనసహాయమును లభించినది. అయినను అవి సాయంకాలపు కేంద్రములే. ఉదయపు గంట ఇంటివారి పాలిటనే మిగిలెను.

ఆమెయే 1908లో స్త్రీలకు ఓటుహక్కు వలదను సంఘమునకు నాయకురాలయ్యెను! తల్లుల కష్టమును అంత దగ్గరనుండి చూచిన కన్ను దీనిని చూడలేకపోవుట మాకు వింతగనే తోచును.

మన దేశమున 1948 ఫ్యాక్టరీల చట్టము ఏబది మందికి మించి స్త్రీలు పనిచేయు చోట శిశువుల గది ఉండవలెనని విధించెను. 1976లో ఆ సంఖ్యను ముప్పదికి తగ్గించిరి. 1969లో ఢిల్లీలో మీరా మహాదేవన్ ఇండ్లు కట్టు కూలీల బిడ్డలకై 'మొబైల్ క్రెషెస్' ప్రారంభించెను. 2017లో ప్రసూతి సౌకర్య చట్టపు సవరణ, ఏబది మందియో అంతకు మించియో పనిచేయు సంస్థలలో శిశుసదనము ఉండవలెనని చెప్పెను. మేలే. కాని ఫ్యాక్టరీల చట్టమున చెప్పినది ఆరేండ్ల లోపు బిడ్డలను గురించియే. ఆరు నిండి, సంచి భుజమున వేసికొని సాయంకాలము తాళము వేసిన తలుపు ముందు నిలుచు బిడ్డ ఆ లెక్కలోనికి రాలేదు. అమ్మమ్మయో నాయనమ్మయో ఉన్న ఇంట ఆ తాళము పడదు.

మా యింటికి కొంతకాలము వచ్చిన ఆయా తన కూతురిని వెంట తెచ్చుకొనెడిది. ఆ పిల్లకును బడి అప్పుడే విడిచెడిది.