ముక్కు గొట్టము మొదలు అన్నపు ముద్ద వరకు

"అడగనిదే అమ్మయైనను పెట్టదు" అను సామెత మన ఇండ్లలో అందరు ఎరిగినదే. ఆరోగ్యముగల బిడ్డ విషయమున ఈ మాట నిజము. ఆకలి వేసిన బిడ్డ ఏడ్చును, తల్లి కొంగు పట్టి లాగును, పొయ్యి దగ్గరకు వచ్చి కూర్చుండును. కాని నెలల తరబడి వ్యాధితో మంచము పట్టిన బిడ్డ అడుగనే అడుగదు. వ్యాధి మొదట ఆకలిని హరించును. ఆకలితోపాటు అడుగు శక్తినికూడ హరించును. గిన్నె చూపినచో ఆ బిడ్డ ముఖము త్రిప్పుకొనును, రెండు చెంచాలు మింగి అలసిపోవును, మింగినదానినైనను నిలుపుకొనలేదు. అట్టి బిడ్డకు ఆహారము అందించుట యెట్లు? ఈ ప్రశ్నకు నాలుగు శతాబ్దములుగా వైద్యులు వెదకిన సమాధానములలో ఒకటి గొట్టము. ముక్కునుండి కడుపులోనికి సన్నని గొట్టమును పంపి, దానిద్వారా పాలవంటి పలుచని ఆహారమును పోయుటయే ఆ పద్ధతి.

మన పల్లెలలో ఈ గొట్టమును చూచి భయపడువారే ఎక్కువ. "ముక్కున గొట్టము వేసినారట" అన్న మాట చెవిని పడగానే, ఇక ఆశ లేదని ఇరుగుపొరుగువారు నిశ్చయించుకొందురు. తన చేతిముద్ద బిడ్డకు పనికిరాకపోయెనని తల్లి కుమిలిపోవును. ఈ భయము వట్టిదని మేము కొట్టివేయబోము. దానికి ఒక చరిత్ర కలదు. కాని గొట్టపు చరిత్ర ఆ భయముతో ముగియలేదు. కడపటి ఘడియల సాధనముగా పేరుపడిన గొట్టము, బిడ్డను మరల గిన్నెవద్దకు చేర్చు వంతెనగా ఎట్లు మారెనో చెప్పుటయే మా ఉద్దేశము.

ఖమ్మమునుండి వైరా, తల్లాడల మీదుగా కొత్తగూడెము పోవు త్రోవలో ఏన్కూరు ఉన్నది. మైదానపు పొలములకును అడవికిని నడుమ నున్న ఊరది. ఆ త్రోవనే జూలూరుపాడు, కొత్తగూడెము దాటి పోయినచో గోదావరి యొడ్డున భద్రాచలము. 1953 అక్టోబరు 1న వరంగల్లు జిల్లానుండి విడివడి ఖమ్మము జిల్లా ఏర్పడెను. 1959లో భద్రాచలము ప్రాంతము తూర్పు గోదావరి జిల్లానుండి వచ్చి ఇందు చేరెను. 2016లో జిల్లాలను మరల విభజించినపుడు భద్రాచలము, కొత్తగూడెము వేరు జిల్లాగా పోగా, ఏన్కూరు ఖమ్మములోనే నిలిచెను. పటములోని గీతలు ఇన్నిమారులు మారినను, ఆ అడవి అంచున నివసించు కోయల, లంబాడీల బిడ్డల కష్టములు గీతలనుబట్టి మారునవి కావు.

జ్వరములు, విరేచనములు, క్షయ యెక్కడనైనను బిడ్డను చిక్కిపోజేయును. వీనికి తోడు కోయలలో పుట్టుకతో వచ్చు రక్తవ్యాధి యొకటి కలదు. దానిని సికిల్ సెల్ వ్యాధి అందురు. ఇందు ఎర్ర రక్తకణములు కొడవలి ఆకారమును పొంది, కాలము తీరకమునుపే నశించును. వాని స్థానమున క్రొత్త కణములను తయారుచేయుటకై శరీరము రేయింబవళ్లు పాటుపడవలెను. కనుక ఆ బిడ్డ కదలక పడుకొన్నను, తోటి బిడ్డకంటె ఎక్కువ శక్తిని ఖర్చుచేయుచుండును. నొప్పులు వచ్చినప్పుడు తిండి తినదు. ఖర్చు హెచ్చు, రాబడి తక్కువ; అట్టి సంసారము ఎంతకాలము సాగును? దిష్టి తగిలినదని తాయెత్తు కట్టినంతమాత్రమున ఆ లెక్క సరిపడదు.

తినలేని పసివానికి తినిపించుటకు మన ఇండ్లలో ఏర్పడిన సాధనము ఉగ్గుగిన్నె. బిడ్డను కాళ్లపై పరుండబెట్టుకొని, సన్నని మూతిగల ఆ చిన్న పాత్రతో తల్లులు చుక్క చుక్కగా ఉగ్గు పోసిరి. ఓర్పు, కొలత, నిదానము అను మూడు గుణములు ఆ పనిలో కలవు. కాని ఉగ్గుగిన్నెతో పోసినది బిడ్డ తానుగా మింగవలెను. మింగలేని బిడ్డకు బలవంతముగా పోసినచో పాలు ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణాపాయము కలుగును. ఉగ్గుగిన్నె ఆగిపోయిన చోటనే గొట్టము అవసరమైనది.

ఇక గొట్టము పుట్టుకను చూతము. పదునారవ శతాబ్దమున ఇటలీ దేశపు వైద్యుడు కాపివాచియో, ఒక బోలుగొట్టమునకు జంతువు మూత్రాశయపు తిత్తిని కట్టి, రోగి అన్నవాహికలోనికి ద్రవాహారము పంపెనని వైద్యచరిత్రకారులు వ్రాసిరి. 1617లో ఆ దేశపు వాడేయైన ఫాబ్రిషియస్, ధనుర్వాతముచే దవడలు బిగిసిన రోగులకు ముక్కుద్వారా వెండిగొట్టమును పంపెను. 1790లో లండనునందు జాన్ హంటర్ అను శస్త్రవైద్యుడు, మింగు కండరములు చచ్చుబడిన రోగికొరకు సన్నని కమ్మికి మలుగుచేప చర్మమును తొడిగి గొట్టము చేసెను. గ్రుడ్డు, చక్కెర, పాలు మొదలైనవి కలిపి దానిద్వారా పోయించెను. ఆ రోగి కోలుకొని మరల తానే మింగగలిగెను. రోగి నడక నేర్చువరకు ఆసరాగా నిలుచు చేతికర్రవంటిది గొట్టమని ఆనాడే తెలిసినది.

పసిపిల్లల విషయమున దీనిని ఒక క్రమపద్ధతిగా నడపినవాడు పారిస్ నగరపు ప్రసూతి ఆసుపత్రి వైద్యుడు స్తెఫాన్ తార్నియే. 1880ల దశకమున ఆయన నెలలు నిండక పుట్టిన శిశువులను వెచ్చని పెట్టెలలో నుంచి, చన్ను కుడువలేనివారికి రబ్బరు గొట్టముతో పాలు పోయించెను. చిన్న కడుపునకు చిన్న కొలత, మాటిమాటికి కొంచెము కొంచెము. మన ఉగ్గుగిన్నె నేర్పిన పాఠమే అక్కడను ఉపయోగపడినది.

అయితే అదే గొట్టము క్రౌర్యమునకును సాధనమైనది. 1909 మొదలు బ్రిటిషు కారాగారములలో, స్త్రీలకు ఓటుహక్కు కోరి నిరాహారదీక్ష పూనిన మహిళలను కదలకుండ పట్టుకొని గొట్టముతో బలవంతముగా ఆహారము పోసిరి. గొట్టమనగా బలాత్కారము అను భావము లోకమున నాటుకొనుటకు అది యొక కారణము. 1945 ఏప్రిల్ నెలలో జర్మనీలోని బెల్సెన్ నిర్బంధశిబిరమును బ్రిటిషు సేనలు విడిపించినపుడు వేలకొలది మనుష్యులు ఎముకల గూళ్లుగా మిగిలియుండిరి. సైనికులు జాలిపడి తమ ఆహారమునే వారికి పెట్టిరి. ఆ బరువైన తిండిని తట్టుకొనలేక అనేకులు మరణించిరి. అప్పుడు వైద్యులు 1943 నాటి బెంగాలు కరవులో వాడిన మిశ్రమమును జ్ఞప్తికి తెచ్చుకొని దానిని తయారుచేయించిరి. మన దేశపు కరవు నేర్పిన పాఠము అట్లు ఐరోపాకు చేరినది. కాని దానిలోని తీపి చాలమందికి రుచింపలేదు. గొట్టములను, సూదులను చూచి శిబిరవాసులు తమను చంపవచ్చిరని భయపడిరి. ఆకలిగొన్నవానికి ఒకేసారి కడుపునిండ పెట్టరాదనియు, నమ్మకము లేనిదే గొట్టము పనిచేయదనియు ఆ విషాదము తెలిపెను.

మొదటి సంగతికి కారణము పిమ్మట స్పష్టమైనది. దీర్ఘకాలము పస్తున్న శరీరమునకు హఠాత్తుగా ఎక్కువ ఆహారము అందినచో, రక్తములోని భాస్వరము, పొటాసియము, మెగ్నీషియము వంటి లవణములు కణములలోనికి లాగబడును. రక్తమున వాని పాలు పడిపోగా గుండె తడబడును. కనుకనే "నిదానమే ప్రధానము" అను మాట ఇక్కడ నీతివాక్యము మాత్రమే కాదు, ప్రాణసూత్రము.

మన తెలుగునాట ఈ విద్యకు కేంద్రమైనది హైదరాబాదు. 1918లో కూనూరునందు రాబర్ట్ మెక్కారిసన్ బెరిబెరి వ్యాధిపై ఆరంభించిన చిన్న పరిశోధన క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అను పేరు కలిగెను. 1953లో ప్రారంభమైన నీలోఫర్ ఆసుపత్రికి వచ్చు బిడ్డలలో రెండు విధములవారిని ఆ సంస్థ వైద్యులు చూచిరి. ఒకరు ఎముకలమీద చర్మము మాత్రమే మిగిలి ముసలివారివలె కనిపించు పిల్లలు. దీనిని మరాస్మస్ అందురు. మరియొకరు ముఖము, పాదములు వాచిన పిల్లలు. దీనికి 1935లో సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు, పశ్చిమ ఆఫ్రికా ప్రజలు వాడు క్వాషియోర్కర్ అను మాటనే వైద్యలోకమునకు అందించెను. తమ్ముడో చెల్లెలో పుట్టగానే చన్నుపాలు మానిన పెద్దబిడ్డకు వచ్చు వ్యాధి యని దాని భావము.

వాపు వ్యాధికి మాంసకృత్తుల లోపమే కారణమని లోకమంతయు అనుకొనుచున్న కాలమున, ఈ రెండు విధముల పిల్లలును ఇంట తిన్న తిండిలో చెప్పదగిన భేదము లేదని సి. గోపాలన్ గారును వారి సహచరులును చూపిరి. అసలు కొరత మొత్తము తిండిదే యని వారి వాదము. హైదరాబాదు చుట్టుప్రక్కల పల్లెలలో ఐదేండ్లలోపు పిల్లలకు 14 నెలలు ప్రతిదినము 310 కేలరీలు, 3 గ్రాముల మాంసకృత్తులు మాత్రమేగల తినుబండారమును అదనముగా పెట్టి, వారు ఎత్తునను బరువునను బాగుగా పెరిగిరని 1973లో ప్రకటించిరి. 40 గ్రాముల గోధుమ, 16 గ్రాముల శనగపప్పు, 10 గ్రాముల వేరుశనగ, 20 గ్రాముల బెల్లము కలిపిన హైదరాబాదు మిశ్రమము ఈ సంస్థనుండి వచ్చినదే. ఈ 86 గ్రాములలో సుమారు 330 కేలరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు కలవు. దానిలో మన పల్లె అంగడిలో దొరకని వస్తువు ఒక్కటియు లేదు.

ఇప్పుడు తూకపు సంగతి. తల్లిదండ్రుల కన్నులు ఎల్లప్పుడు తూకపు ముల్లుమీదనే ఉండును. కాని ముల్లు కొన్నిమారులు మోసగించును. వాపుగల బిడ్డ కోలుకొనునపుడు మొదట బరువు తగ్గును. ఒంటిలోని నీరు పోవుటయే దానికి కారణము. అది శుభసూచకము. మొదటి దినములలోనే బరువు జరజర పెరిగినచో వైద్యులు సంతోషింపక, గుండెపై నీటి భారము పడుచున్నదేమో యని పరీక్షింతురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ప్రకటించిన పద్ధతిలో మొదటి ఘట్టమున ఎఫ్-75 అను పలుచని పాలను, 100 మిల్లీలీటర్లకు 75 కేలరీల చొప్పున, రెండు మూడు గంటలకొకమారు ఇత్తురు. ఈ ఘట్టమున బరువు పెంచుట వారి ఉద్దేశము కాదు. ప్రాణము నిలుపుటయే ఉద్దేశము. ఆకలి తిరిగివచ్చి, వాపు తగ్గిన పిమ్మటనే ఎఫ్-100 అను చిక్కని పాలు. అప్పుడు దినమునకు కిలో బరువునకు 10 గ్రాములు పెరుగుట మంచి పెరుగుదల. 6 కిలోల బిడ్డ దినమునకు 60 గ్రాములు పెరుగవలెనన్న మాట.

ఈ పద్ధతిలో గొట్టమునకు ఇచ్చిన స్థానము గమనింపదగినది. ఇచ్చిన పాలలో ఐదింట నాలుగు వంతులైనను బిడ్డ వరుసగా రెండు మూడు మారులు త్రాగలేనప్పుడే గొట్టము వేయుదురు. వేసిన తరువాతను ప్రతిసారి మొదట గిన్నెతో నోటికే అందింతురు. మిగిలినది మాత్రమే గొట్టమున పోయుదురు. నోటితో చాలినంత త్రాగగలిగిన నాడు దానిని తీసివేయుదురు. ముక్కుకొననుండి చెవితమ్మెవరకు, అక్కడినుండి రొమ్ముటెముక దిగువవరకు కొలిచి, గొట్టము కడుపులోనే ఉన్నదని ప్రతిసారి నిశ్చయించుకొనవలెను. ఇది శిక్షణ పొందినవారి పని. ఇంటిలో తోచినట్లు చేయదగినది కాదు.

తీరని వ్యాధిగల కొందరు బిడ్డలకు గొట్టము నెలలు, ఏండ్లు కావలసియుండును. అట్టివారికి పూర్వము పొట్ట కోసి ద్వారము ఏర్పరచుచుండిరి. 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమున గౌడరర్, పాన్స్కీ అను వైద్యులు పెద్ద కోత లేకుండ, నోటిద్వారా దీపపు గొట్టమును పంపి లోపల చూచుచు, పొట్టకు చిన్న రంధ్రముతో ఆహారపు గొట్టమును అమర్చిరి. తొలిసారి అది అమర్చబడినది నెలల పసిబిడ్డకే. 1985లో సికిల్ సెల్ వ్యాధివలన ఎదుగుదల నిలిచిన కొద్దిమంది పిల్లలకు ముక్కు గొట్టమున అదనపు ఆహారమిచ్చి, వారి ఎదుగుదల వేగము పుంజుకొనుటను అమెరికా వైద్యులు ప్రకటించిరి. పరీక్షింపబడినవారు మిక్కిలి కొద్దిమంది. దానినిబట్టి అందరికి గొట్టము వేయవలెనని అర్థము కాదు. దీర్ఘవ్యాధిలో ఆహారము మందునకు తోడు మాత్రమే కాక, తానును ఒక మందే యని గ్రహించినచో చాలును.

కాబట్టి ఏన్కూరు తల్లులకు ఈ చరిత్ర వలన కలుగు ప్రయోజనము చిన్నది కాదు. ఆరు నెలలు నిండి ఐదేండ్లలోపు బిడ్డ జబ్బచుట్టు కొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినను, రెండు పాదములును వాచినను, తిండి మానినను అంగన్‌వాడీకిగాని ఆశా కార్యకర్తకుగాని ఆలస్యము లేక చెప్పవలెను. బిడ్డ అడుగునని ఎదురుచూడరాదు. సికిల్ సెల్ పరీక్షకై 2023 నుండి దేశవ్యాప్తముగా జరుగుచున్న కార్యక్రమమును ఉపయోగించుకొనవలెను. ఆసుపత్రిలో గొట్టము వేసినచో తల్లి ప్రక్కనే కూర్చుండి, ఎంత పోసినారు, బిడ్డ నోటితో ఎంత త్రాగినది అని అడిగి తెలిసికొనవలెను. ఆ రెండవ లెక్క దినదినము పెరుగుట తూకమునకంటె ముందుగా కనిపించు శుభవార్త.

గొట్టము వేయవలసివచ్చుట తల్లి చేతి లోపము కాదు. బిడ్డ అడుగలేని కొన్నాళ్లు దానిబదులు అడిగి, అడుగు శక్తి రాగానే తప్పుకొను సహాయకుడే గొట్టము. అది తప్పుకొన్న తరువాత జావ గిన్నె, ఆపైన పప్పన్నపు ముద్ద తల్లి చేతిలోనివే. ఇరుగుపొరుగువారు ఆ ఇంటికి నిట్టూర్పులను కాక, ఒక గ్రుడ్డునో గ్లాసెడు పాలనో తీసికొనిపోవుదురుగాక యని మా మనవి.