కోనసీమలో రేడియో: శ్రోతల లెక్క తేలేదెలా?

అమలాపురం: పత్రిక ఎన్ని ప్రతులు అమ్ముడైందో లెక్కించవచ్చు. సినిమాకు ఎన్ని టిక్కెట్లు తెగాయో చెప్పవచ్చు. గాలిలో కలిసిపోయే రేడియో ప్రసారానికి అటువంటి ఆధారమేదీ మిగలదు. ప్రకటనల ఆదాయం, కొత్త కేంద్రాల మంజూరు వంటి నిర్ణయాలు శ్రోతల అంచనాలతో ముడిపడినందున ఈ లెక్క అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలకూ ముఖ్యమైనదే.

1938 జూన్‌ 16న మద్రాసు కేంద్రం, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రారంభమయ్యాయి. కోస్తా జిల్లాల శ్రోతలకు విజయవాడే ప్రధాన కేంద్రమైంది. బాలాంత్రపు రజనీకాంతరావు తీర్చిదిద్దిన భక్తిరంజని, ఉషశ్రీ వినిపించిన రామాయణ, భారత ప్రవచనాలు, రైతుల కోసం పాడిపంటలు ఆ కేంద్రానికి పేరు తెచ్చాయి.

ఆనాటి కొలమానాలు రెండు. మొదటిది లైసెన్సు. రేడియో ఉన్నవారు తపాలా కార్యాలయంలో ఏటా రుసుము చెల్లించేవారు. 1980వ దశకంలో రద్దయిన ఈ విధానం పెట్టెల సంఖ్యనే చెప్పేది. అరుగు మీద ఒక రేడియో చుట్టూ చేరిన పదిమంది అందులో కనిపించేవారు కారు. రెండవది ఉత్తరాలు. కోరిన పాటల కోసం, ధర్మసందేహాల కోసం కార్డులు కట్టలుగా వచ్చేవి. అయితే ఉత్తరం రాసేది ఉత్సాహవంతులే. పొలంలో వింటూ పని చేసుకునే కూలీ కార్డు రాయడు. ఈ లోపాన్ని సరిదిద్దేందుకే ఆకాశవాణి శ్రోతల పరిశోధన విభాగాన్ని ఏర్పరచి, ఇంటింటి సర్వేలు చేయించింది.

ప్రైవేటు ఎఫ్‌.ఎం.లు వచ్చాక ప్రకటనకర్తలకు వారంవారీ లెక్కలు అవసరమయ్యాయి. 2007లో టామ్‌ సంస్థ ‘రామ్‌’ పేరిట డైరీ పద్ధతిని ప్రవేశపెట్టింది. ఎంపిక చేసిన వ్యక్తులు రోజును పావుగంటల చొప్పున విభజించిన పుస్తకంలో తాము విన్న కేంద్రాన్ని గుర్తించాలి. వారంలో ఒక్కసారైనా విన్నవారి శాతం ‘రీచ్‌’. జనం రేడియోకు వెచ్చించిన మొత్తం సమయంలో ఒక కేంద్రం వాటా ‘షేర్‌’. వారమంతా వదిలేసి చివరి రోజున జ్ఞాపకం మీద పూరించడం ఈ పద్ధతికి పెద్ద బలహీనత. అమెరికాలో దీనికి బదులు కొన్ని నగరాల్లో, ప్రసారంలో దాగిన వినిపించని సంకేతాన్ని పసిగట్టే చిన్న మీటరును వ్యక్తుల వెంట ఉంచుతున్నారు. టీ కొట్టులో, ఆటోలో చెవిన పడినదీ అందులో నమోదవుతుంది.

‘రామ్‌’ ముంబయి, ఢిల్లీ, బెంగళూరు, కోల్‌కతాలకు పరిమితమైంది. 400 మందిని శాస్త్రీయంగా ఎంచుకున్నా ఫలితంలో అయిదు శాతం వరకు అటూఇటూ తేడా ఉండవచ్చు. మహానగరంలోని అటువంటి నమూనా లంక గ్రామాల సంగతి చెప్పజాలదు. కేంద్ర ప్రభుత్వ ప్రకటనల ధరలకూ పట్టణ జనాభా, శ్రోతల గణాంకాలే ఆధారం. పది సెకన్లకు మూల ధరను 2023లో రూ.52 నుంచి రూ.74కు పెంచారు.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ఎఫ్‌.ఎం. చానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. జాబితాలో పొరుగునున్న కాకినాడ, భీమవరం ఉన్నాయి, అమలాపురం లేదు. 2011 జనాభా లెక్కల్లో అమలాపురం పట్టణ జనాభా 53 వేల పైచిలుకే. చుట్టూ ఒకదానినొకటి ఆనుకొని ఉన్న గ్రామాల జనం ఆ అంకెలో చేరరు.

మార్పు ప్రభావం ప్రసార సాంకేతికతలోనూ ఉంది. మీడియం వేవ్‌ తరంగాలు నేలను అంటిపెట్టుకొని దూరం పోతాయి. ఎఫ్‌.ఎం. ధ్వని స్పష్టమైనదే గాని, స్తంభం చూపుమేర దాటితే క్షీణిస్తుంది. దేశంలో మీడియం వేవ్‌ ట్రాన్స్‌మిటర్లు కొన్ని మూతపడుతున్న తరుణంలో తీరప్రాంతానికి ఈ తేడా చిన్నది కాదు. 1996 నవంబరు 6 నాటి పెనుతుపాను కోనసీమను కకావికలు చేసింది. విద్యుత్తు స్తంభాలు కూలిన చోట బ్యాటరీ ట్రాన్సిస్టరు ఒక్కటే పలుకుతుంది.

ప్రస్తుతం ప్రసారభారతి మొబైల్‌ యాప్‌ ద్వారా ఏ ప్రాంతంలో ఎందరు వింటున్నారో యంత్రమే నమోదు చేయగలదు. యాప్‌ లెక్కించేది ఇంటర్నెట్‌ ఉన్న ఫోన్లనే. ట్రాన్సిస్టరు వినే వృద్ధుడి కోసం ఇప్పటికీ గుమ్మం ముందుకు వెళ్లి అడగవలసిందే.