ఐటీ నోటీసు వచ్చిందా? ఏజెంటుకు ఫోన్ చేసే ముందు ఇవి చూసుకోండి

‘మీ పేరిట పన్ను డిమాండ్ ఉంది’ అన్న మెసేజ్ రాగానే చాలామంది రిటర్న్ వేసిపెట్టిన వ్యక్తికే ఫోన్ చేస్తారు. ‘అందరికీ వస్తుంది, పట్టించుకోకండి’ అని ఒకరంటే, ‘వెంటనే కట్టకపోతే కేసే’ అని మరొకరు భయపెడతారు. ఈలోగా గడువు కరిగిపోతుంది. అసలు మీకు వచ్చిందేమిటో తెలుసుకుంటే సగం ఆందోళన తగ్గుతుంది.

అసలుదో, నకిలీదో..

మెసేజ్‌లోని లింకు నొక్కకండి. 2019 అక్టోబరు 1 నుంచి ఆదాయపు పన్ను శాఖ పంపే నోటీసులు, ఉత్తర్వులపై డాక్యుమెంట్ గుర్తింపు సంఖ్య (డిన్) తప్పనిసరి. ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో లాగిన్ అవసరం లేకుండానే ఆ నంబరును సరిచూసుకోవచ్చు. ఆ తర్వాత మీ ఖాతాలోకి వెళ్లి ‘పెండింగ్ యాక్షన్స్’ విభాగం చూడండి.

ఏ సెక్షన్ అన్నదే కీలకం

ఈ సెక్షన్లు 1961 చట్టానివి. 2025 కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చినా, అంతకు ముందు ఆర్థిక సంవత్సరాల కేసులకు పాత చట్టమే వర్తిస్తుంది.

• 143(1): ఇది జరిమానా కాదు. మీ రిటర్న్‌ను కంప్యూటర్ లెక్కతో పోల్చి పంపే సమాచారం. సవరణను ప్రతిపాదిస్తే జవాబుకు 30 రోజులుంటాయి.
• 156: డిమాండ్ నోటీసు. సాధారణంగా 30 రోజుల్లో కట్టాలి. దాటితే నెలకు 1 శాతం వడ్డీ.
• 245: రీఫండ్‌ను పాత బకాయికి జమ చేసుకుంటామన్న సమాచారం.
• 270ఏ: అసలైన జరిమానా ఇదే. ఆదాయం తక్కువ చూపితే దానిపై పడే పన్నులో 50 శాతం, తప్పుడు వివరాలిస్తే 200 శాతం.

ఉదాహరణకు, 30 శాతం శ్లాబులో ఉన్న ఉద్యోగి లేని మినహాయింపు రూ.1.5 లక్షలు చూపారనుకుందాం. సెస్ పక్కన పెడితే ఎగ్గొట్టిన పన్ను రూ.45,000. తప్పుడు వివరాలని తేలితే జరిమానాయే రూ.90,000. పన్ను, వడ్డీ అదనం.

రీఫండ్ ఆశ చూపేవారితో జాగ్రత్త

2025 జులై 14న తప్పుడు మినహాయింపులపై ఐటీ శాఖ దేశవ్యాప్త తనిఖీలు చేపట్టింది. కొందరు ఏజెంట్లు తాత్కాలిక ఈమెయిల్ ఐడీలతో గుంపుగా రిటర్నులు వేసి, తర్వాత వాటిని వదిలేశారని, దాంతో నోటీసులు ఎవరూ చదవకుండానే ఉండిపోయాయని అప్పుడు తెలిపింది. అంతకు ముందు నాలుగు నెలల్లో దాదాపు 40,000 మంది రిటర్నులు సవరించుకుని, రూ.1,045 కోట్ల తప్పుడు క్లెయిములను వెనక్కి తీసుకున్నారని కూడా పేర్కొంది.

రిటర్న్ ఎవరు వేసినా బాధ్యత మీదే. అందుకే ఇవి పాటించండి:

• పోర్టల్‌లో మీ సొంత ఫోన్ నంబరు, ఈమెయిలే ఉండాలి. పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి.
• సలహాదారు తాను సీఏ అని చెబితే సభ్యత్వ సంఖ్య అడిగి, ఐసీఏఐ వెబ్‌సైట్‌లో చూసుకోండి.
• రీఫండ్‌లో వాటా అడిగేవారికి దూరంగా ఉండండి.
• ‘కట్టేయండి’ అన్నా, ‘వదిలేయండి’ అన్నా ఏ సెక్షన్ ప్రకారమో రాతపూర్వకంగా అడగండి.

జవాబు ఎలా?

ముందుగా ఫారం 26ఏఎస్, ఏఐఎస్‌లను మీ రిటర్న్‌తో పోల్చండి. టీడీఎస్ జమ కాకపోవడం వంటి స్పష్టమైన పొరపాటైతే 154 సెక్షన్ కింద సవరణ కోరవచ్చు. ఉత్తర్వు వెలువడిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల వరకు దీనికి గడువుంది. డిమాండ్‌తో ఏకీభవించకపోతే ఆ మాట కారణాలతో సహా పోర్టల్‌లోనే నమోదు చేయండి. జరిమానా ఉత్తర్వుపై 30 రోజుల్లో ఫారం 35తో అప్పీలు చేయవచ్చు. అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు, స్టే విడిగా కోరాలి.

తప్పు మీ రిటర్న్‌లోనే ఉండి, ఇంకా నోటీసు రాకపోతే అప్‌డేటెడ్ రిటర్న్ దారి ఉంది. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక 48 నెలల వరకు వేయవచ్చు. ఆలస్యాన్ని బట్టి 25 నుంచి 70 శాతం అదనపు పన్ను పడుతుంది. 200 శాతం జరిమానాతో పోలిస్తే ఇది నయమే.

సందేహాలకు పోర్టల్ హెల్ప్‌లైన్: 1800 103 0025. జవాబు పంపాక వచ్చే రసీదును డౌన్‌లోడ్ చేసి దాచుకోండి. రేపు వివాదం వస్తే గడువులోగా స్పందించారనడానికి అదే ఆధారం.