సైకిల్ మన ఒంటికా, మన ఒళ్లు సైకిల్‌కా? నడుము నొప్పి వెనక 150 ఏళ్ల కథ

గేర్ సైకిల్ కొన్న కొత్తలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, 30 కిలోమీటర్లు దాటితే నడుము పట్టేస్తోంది. మా తాత నల్ల సైకిల్ మీద బస్తా వేసుకుని ఊళ్లు తిరిగేవాడు. ఆయనకి లేని నొప్పి నాకెందుకు?" మంచి ప్రశ్న. జవాబు కోసం కాస్త వెనక్కి వెళ్దాం.

1860ల్లో వచ్చిన పెడల్ సైకిల్‌కి చెక్క చక్రాలు, వాటి చుట్టూ ఇనప పట్టా. ఇంగ్లండ్‌లో దాన్ని బోన్‌షేకర్ అనేవారు, అంటే ఎముకలు కుదిపేసేది అని. పేరులోనే కంప్లైంట్ ఉంది చూడండి. తర్వాత 1870ల్లో ముందు చక్రం పెద్దగా, వెనకది బుల్లిగా ఉండే సైకిల్ వచ్చింది. దానికి చైన్ లేదు, పెడల్ నేరుగా చక్రానికే. చక్రం ఎంత పెద్దదైతే అంత స్పీడు. మరి ఎంత పెద్దది కొనాలి? మీ కాలు అందినంత! టైలర్ దగ్గర ప్యాంటు కొలత ఇచ్చినట్టు, కాలి పొడవును బట్టి చక్రం సైజు ఎంచుకునేవారు. అంటే "బైక్ ఫిట్" అనేది ఇప్పుడు పుట్టిన ఫ్యాషన్ కాదు.

1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిల్ తెచ్చాడు. వెనక చక్రానికి చైన్, దాదాపు సమానమైన రెండు చక్రాలు. 1888లో డన్‌లప్ గాలి టైరు రావడంతో కుదుపు తగ్గింది. ఇక కాలి పొడవుకీ చక్రానికీ సంబంధం లేదు, సీటు ఎత్తు మార్చుకుంటే చాలు. ఫ్యాక్టరీలకి ఇది చాలా కలిసొచ్చింది. ఒకే ఫ్రేమ్ వేలమందికి అమ్మొచ్చు.

మన దగ్గరికి మొదట ఇంగ్లండ్ సైకిళ్లే వచ్చాయి. స్వాతంత్ర్యం తర్వాత మన ఫ్యాక్టరీలు మొదలయ్యాయి: 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో. అందరూ చేసింది దాదాపు ఒకటే నల్ల సైకిల్. మగవాళ్ల సైకిల్ ఎక్కువగా రెండు సైజుల్లోనే దొరికేది, 22 అంగుళాల ఫ్రేమ్, 24 అంగుళాల ఫ్రేమ్.

ఆ డిజైన్‌లో నడుముకి మేలు చేసేవి ఉన్నాయి. హ్యాండిల్ మన వైపు వంగి ఉంటుంది కాబట్టి వెన్ను నిటారుగా ఉంటుంది. స్ప్రింగుల సీటు, 28 అంగుళాల చక్రాలు గతుకుల్ని కొంత మింగేస్తాయి. రోలుగుంట, చోడవరం వైపు చెరకు తోటల మధ్య మట్టి దారులకి, గతుకుల రోడ్లకి అలాంటిదే కావాలి.

కానీ లెక్క వేద్దాం. 24 అంగుళాలంటే 61 సెంటీమీటర్లు. పైన సీటు మందం కలిపితే, ఎంత కిందికి దించినా 70 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. అది సరిపోవాలంటే కాలి లోపలి కొలత 80 సెంటీమీటర్ల దాకా ఉండాలి. అంత ఉండని వాళ్లు ఎంతోమంది. వాళ్లు పెడల్ అందుకోవడానికి తుంటిని కుడికీ ఎడమకీ ఊపుతూ తొక్కేవారు. ఆ ఊపు పడేది నడుము మీదే. పిల్లలైతే ఫ్రేమ్ మధ్యలోంచి కాలు దూర్చి తొక్కేవారు. తాతకి నొప్పి లేదని మనం అనుకుంటున్నాం గానీ, ఆయన్ని ఎవరైనా అడిగారా?

ఇంతలో రేసుల ప్రపంచంలో వేరే కథ నడిచింది. 1967లో ఇంగ్లండ్‌లో హామ్లీ, థామస్ అనే ఇద్దరు పరిశోధకులు సీటు ఎత్తుని కాలి కొలతతో ముడిపెట్టి లెక్క చెప్పారు. 1980ల్లో ఫ్రెంచ్ కోచ్ సిరిల్ గీమార్, రేసర్ గ్రెగ్ లెమాండ్ వాడిన 0.883 సూత్రం పాపులర్ అయింది. రేసర్లు గాలిని తప్పించుకోవడానికి ముందుకి వంగుతారు. ఆ వంగుడు మన షాపుల్లోకి గేర్ సైకిళ్లతో పాటు వచ్చేసింది, కొలత టేపు మాత్రం రాలేదు. ఎస్, ఎమ్, ఎల్ అని టీషర్టులా ఇచ్చి పంపేస్తున్నారు. అదీ అసలు సమస్య.

మరి ఏం చెయ్యాలి? చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడండి. కాళ్ల మధ్య ఒక పుస్తకాన్ని సీటులా పైకి నొక్కిపెట్టి, నేల నుంచి దాని పై అంచు దాకా కొలవండి. దాన్ని 0.883తో గుణించండి. 80 వస్తే 70.6. పెడల్ తిరిగే మధ్య ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా అంత ఉండాలి. ఇది మొదలుపెట్టడానికే. తుంటి ఊగుతుంటే 5 మిల్లీమీటర్లు దించండి.

రెండోది సీటు వాలు. ముక్కు పైకి లేచి ఉంటే నడుము వెనక్కి వంగి నొప్పి పెడుతుంది. 1999లో ఇజ్రాయెల్ డాక్టర్లు ఒక అధ్యయనంలో సీటు ముక్కుని 10 నుంచి 15 డిగ్రీలు కిందికి వంచితే, 70 శాతానికి పైగా రైడర్లకి నడుము నొప్పి తగ్గింది. మరీ వంచితే మాత్రం బరువంతా చేతుల మీద పడుతుంది. అందుకే ముందు సమంగా పెట్టి, కొద్దికొద్దిగా వంచండి.

మూడోది హ్యాండిల్. అందుకోవడానికి సాగాల్సి వస్తే, పొట్టి స్టెమ్ వేయించండి, లేదా హ్యాండిల్ ఎత్తు పెంచండి. తాత సైకిల్ నుంచి మనం నేర్చుకోవాల్సింది ఇదే.

ఒక్కోసారి ఒక్కటే మార్చండి, రెండు మూడు రైడ్లు తొక్కి చూడండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో తెలీదు, మా కోడింగ్‌లో బగ్ వెతికినట్టే. నొప్పి కాల్లోకి పాకినా, తిమ్మిరెక్కినా స్పానర్ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇంట్లో తాత ఉంటే, ఆయన సైకిల్ ఏ సైజో, కాలు ఎలా అందేదో ఈసారి అడిగి చూడండి. ఆయన చెప్పింది కామెంట్‌లో రాయండి, చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.